బొగ్గుపొరల వాయువు: భూమికిని నీటికిని దానివలన కలుగు మార్పులు
(చిన్న మంగళారము, చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల సంఘ సభ్యుల పఠనార్థము)



భూమిపైన పండు పంటను గుఱించియు, దానికి వేయు ఎరువును గుఱించియు మనము తఱచుగా ముచ్చటించుకొందుము. భూమిక్రింద జరుగు పనులను గుఱించి తెలిసికొనుట అరుదు. ఐనను బావిలో నీరు దిగిపోవుటకును, నేల చౌడుబాఱుటకును మూలము పెక్కుమాఱులు కంటికి కానరాని ఆ లోతులలోనే యుండును. ఈ పాఠమున అట్టి పని యొకదానిని, అనగా బొగ్గుపొరలనుండి మండు వాయువును తీయు పరిశ్రమను, అది భూమికిని నీటికిని కలిగించు మార్పులను, రైతు తన్ను తాను కాపాడుకొను మార్గములను వివరింతుము.

మన చిన్న మంగళారము పొలములక్రింద బొగ్గు లేదు. ఈ సంగతి ముందుగనే చెప్పుట మేలు. మొయినాబాదు ప్రాంతమున నేలయడుగున నున్నది మిక్కిలి ప్రాచీనమగు గ్రానైటు జాతి రాయి. చేవెళ్ళకు పడమటి దెసను దానిపై దక్కను నల్లరాయి పఱచుకొని యున్నది. మొదటిది భూగర్భమున కరిగిన ద్రవము గడ్డకట్టి యేర్పడినది. రెండవది నేల నెఱ్ఱెలనుండి వెలువడిన లావా చల్లారి యేర్పడినది. చెట్టుచేమలు అడుసులో కప్పబడి నలిగిన చోటనే బొగ్గు పుట్టును గాని యిట్టి రాళ్లలో పుట్టదు. అట్లయిన ఈ పాఠము మనకేల యనిన, కారణములు రెండు గలవు. మన రాష్ట్రమునందే గోదావరి లోయలో బొగ్గు సమృద్ధిగా నున్నది. అచ్చటి రైతులును మన సహకార సోదరులే. ఇది మొదటిది. ఆ వాయువును తీయుటకు కీలకము నీటిని తోడుట. లోతునుండి నీటిని తోడిన చుట్టుపట్ల బావులేమగును? నష్టము కలిగినచో సాక్ష్యము చూపవలసినవా డెవడు? దానిని భరింపవలసినవా డెవడు? ఈ ప్రశ్నలు బొగ్గుగల సీమకును బొగ్గులేని సీమకును ఒక్కటే. ఇది రెండవది.

1. వాయువు స్వభావము

ఈ వాయువు పేరు మీథేను. పేడతో నడచు గోబరు గ్యాసులో మండు భాగ మిదియే. దీనికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్లవఱకు కలసియున్నపుడు నిప్పురవ్వ తగిలినచో ప్రేలును. కావుననే బొగ్గుగనులలో పనిచేయువారు దీనికి మిక్కిలి వెఱతురు. గనిని త్రవ్వుటకు ముందే వాయువును తీసివేసిన కార్మికుల ప్రాణములకు రక్షణ గలుగునని చెప్పుట నిజమే. మండించినపుడు బొగ్గుకంటె దీనికి పొగయు మసియు తక్కువ. గాని మండక గాలిలోనికి తప్పించుకొనిపోయినచో, నూఱేండ్ల లెక్కను చూడగా, బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు ఎక్కువగా భూగోళమును వేడెక్కించును. కావున దీనిని మంచిదనుటగాని చెడ్డదనుటగాని యొక్కమాటలో తేలునది కాదు. ఎట్లు తీయుదురు, తోడిన నీటిని ఎచ్చట విడుతురు, పని ముగిసినపిమ్మట బావిని ఎవ్వరు మూయుదురు అను వానిపై మేలుకీడు లాధారపడి యున్నవి.

2. తీయు విధానము

గోలీసోడా బుడ్డిని చూడుడు. గోలీ బిగిసియున్నంతవఱకు లోపలి వాయువు నీటిలో అణగియుండును. గోలీని నొక్కినంతనే ఒత్తిడి తగ్గి బుడగలు పైకి పొంగును. బొగ్గుపొరలోని సంగతియు ఇంచుమించు ఇట్టిదే. భేద మేమన, ఇచ్చట వాయువు నీటిలో కరగియుండుటకంటె బొగ్గులోని అతి సూక్ష్మమగు రంధ్రముల గోడల నంటుకొని యుండును. బొగ్గులోని సన్నని చీలికలలో నీరు నిండియుండి, ఆ నీటి ఒత్తిడియే వాయువును కదలనీయక పట్టియుంచును. కావున వాయువు కావలెనన్న ముందుగా నీటిని తోడివేయవలెను.

భూమిలో కొన్ని వందల మీటర్ల లోతునకు బావి తొలిచి, ఇనుప గొట్టము దింపి, గొట్టమునకును రాతికిని నడుమ సిమెంటు పోయుదురు. బొగ్గులో చీలికలు చాలనిచోట నీటిని, ఇసుకను, కొన్ని రసాయనములను మిక్కిలి ఒత్తిడితో లోనికి పంపి రాతిని చీల్చుదురు. పిమ్మట పంపుతో నీటిని తోడుదురు. మొదటి నెలలలో నీరెక్కువ, వాయువు తక్కువ. ఒత్తిడి తగ్గినకొలది వాయువు పెరిగి నీరు తగ్గును. కొన్ని యేండ్లకు వాయువును తగ్గును. అపుడు క్రొత్త బావులు తొలువవలసివచ్చును. కావున ఈ పరిశ్రమ ఒకటి రెండు బావులతో నిలువదు. పదులు, వందలు బావులు, వానిని కలుపు బాటలు, గొట్టములు, వాయువు నొత్తు యంత్రములు పొలములనడుమ విస్తరించును.

3. మన దేశమునందలి వృత్తాంతము

మన గోదావరి లోయ బొగ్గును 1871 లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు కింగు ఇల్లెందు సమీపమున కనుగొనెను. 1886 లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులను పొందెను. 1889 లో త్రవ్వకము మొదలయ్యెను. 1920 లో ఆ సంస్థ సింగరేణి కాలరీసు అను పేరు దాల్చెను. ఇది బొగ్గు కథ. బొగ్గుపొరల వాయువు కథ మిక్కిలి ఆధునికము. భారత ప్రభుత్వము దీనికై 1997 లో ప్రత్యేక విధానమును ప్రకటించెను. 2007 లో పశ్చిమ బెంగాలునందలి రాణిగంజి ప్రాంతమున మొదటి వాణిజ్యోత్పత్తి జరిగెను. 2017 లో మధ్యప్రదేశమునందలి సోహాగపురమున మఱియొక పెద్ద ఉత్పత్తి యారంభమయ్యెను. గోదావరి లోయయందును అన్వేషణకొఱకు ఖండములు కేటాయింపబడినవి గాని, ఉత్పత్తి ప్రధానముగా తూర్పు, మధ్య భారతములందే జరుగుచున్నది. కావున మన రైతులకు ఇంకను తెలిసికొని సిద్ధపడుటకు వ్యవధి గలదు. అనుభవమున నేర్చుకొనుటకంటె ఇరుగుపొరుగువారి అనుభవము చూచి నేర్చుకొనుట చౌక.

4. నీటికి కలుగు మార్పులు

మొదటిది, నీటిమట్టము. బొగ్గుపొరనుండి నీరు తోడగా ఆ పొరలో ఒత్తిడి తగ్గును. బొగ్గుపొరకును మన బావుల కాధారమగు పొరకును నడుమ గట్టి బంకరాతి యడ్డమున్నచో నష్టము స్వల్పము. అడ్డము పలుచనైనను, చీలికలున్నను, పాడుబడిన పాత బోర్లద్వారా దారి యేర్పడినను, పైనీరు మెల్లమెల్లగా క్రిందికి జాఱును. ఈ కదలిక ఒక్క యేట కనబడదు. పది యిరువది యేండ్లకు బయటపడవచ్చును. తిరిగి నిండుటకు అంతకంటె ఎక్కువకాలము పట్టును.

తోడెడి నీటి పరిమాణము తెలియుటకు ఒక ఊహాగణితము చేయుదము. ఒక వాయుబావినుండి దినమునకు 50 వేల లీటర్లు తోడిరనుకొనుడు. ఏడాదికి 1 కోటి 82 లక్షల 50 వేల లీటర్లగును. ఒక ఎకరముపై ఒక అంగుళము నీరు నిలుపుటకు ఇంచుమించు 1 లక్ష 3 వేల లీటర్లు కావలెను. కావున ఆ యొక్క బావి నీరు సుమారు 177 ఎకర–అంగుళములు. ఒక ఆరుతడి పంటకు 30 అంగుళములు చాలునన్నచో దాదాపు 6 ఎకరముల పైరునకు సరిపోవును. అట్టి బావు లేబది యున్న 300 ఎకరముల పంటనీరు. ఇది లెక్క నేర్పుటకు చెప్పిన ఉదాహరణము మాత్రమే. నిజమైన పరిమాణము చోటునుబట్టి మారును. గాని నీటిని కొలువక విడిచిన ఎంత పోవునో ఊహించుటకిది చాలును.

రెండవది, నీటి గుణము. బొగ్గుపొరల నీటిలో సోడియమును, బైకార్బొనేటును తఱచుగా అధికముగా నుండును. సున్నము, మెగ్నీషియము తక్కువగా నుండును. త్రాగిచూచిన కొన్నిచోట్ల ఉప్పదనము అంతగా తెలియదు. కావుననే రైతు మోసపోవుటకు వీలున్నది. నాలుకకు మంచిదైన నీరు నేలకు మంచిది కాకపోవచ్చును.

మూడవది, వాయువు బావులలోనికి చొచ్చుట. ఒత్తిడి తగ్గగా విడివడిన వాయువు గొట్టములోనికే రావలెనను నియమము లేదు. సిమెంటు సరిగా పట్టనిచోట, పాత బోర్లవెంట అది పైకి వచ్చి త్రాగునీటి బావులలో బుడగలుగా కనబడవచ్చును. మూసియున్న పంపుగదిలో అట్టి వాయువు చేరిన దీపము వెలిగించుటయే ప్రమాదము. బుడగలు కనబడిన బావియొద్ద నిప్పు చేర్పక, గది తలుపులు తెఱచి, వెంటనే అధికారులకు తెలుపవలెను.

5. భూమికి కలుగు మార్పులు

లీటరునకు 2 గ్రాముల ఉప్పులుగల నీటిని పొలమునకు కట్టితిమనుకొనుడు. ఎకరమునకు ఒక్క అంగుళము తడిపినచో 206 కిలోల ఉప్పు నేలలో చేరును. రెండేసి అంగుళముల చొప్పున 12 తడులిచ్చిన, అనగా 24 అంగుళములకు, సుమారు 49 క్వింటాళ్లు! నీరు ఆవిరియైపోవును, పైరు కొంత పీల్చును. ఉప్పు మాత్రము నిలుచును. మంచి వానలు కురిసి, నేలకు మురుగుపాఱుదల యున్ననే అది క్రిందికి కొట్టుకొనిపోవును.

సోడియము చేయు కీడు మఱియొక విధము. రేగడి నేలలోని సన్నని బంకరేణువులను సున్నము గుత్తులుగా పట్టియుంచును. అందువలన నేల గుల్లగా నుండి నీరింకును. సున్నపు స్థానమును సోడియ మాక్రమించినచో రేణువులు విడిపోయి రంధ్రములు పూడుకొనును. తడిసిన జిగురు, ఎండిన రాయి. నీరు మడిలో నిలిచియుండగనే వేళ్లు దాహముతో నుండును. ఇదియే చౌడు. ఎఱ్ఱ చెల్కలలో బంక తక్కువ గనుక ఈ కీడు ఆలస్యముగా కనబడును. రేగడిలో త్వరగా కనబడును.

నీటిని పరీక్షింపించినపుడు పత్రములో మూడు సంఖ్యలు చూడవలెను. ఒకటి, మొత్తము ఉప్పులను తెలుపు విద్యుద్వాహకత. రెండు, సోడియమునకును సున్నము మెగ్నీషియములకును గల నిష్పత్తి. ఇది 10 లోపలనున్న మంచిది, 18 దాటిన ప్రమాదము, 26 దాటిన సాధారణముగా సాగునకు పనికిరాదు. మూడు, మిగులు సోడియము కార్బొనేటు. ఇది లీటరునకు 1.25 మిల్లీ ఈక్వివలెంటుల లోపలనున్న క్షేమము, 2.5 దాటిన పనికిరానిదని యెన్నుదురు. ఈ మూడవ దోషమునకు జిప్సము మందు. ఒక ఎకర–అంగుళపు నీటిలో ఒక్క పాలు తగ్గించుటకు స్వచ్ఛమైన జిప్సము సుమారు 8.8 కిలోలు కావలెను. 6 పాళ్లున్న నీటిని 2 పాళ్లకు దింపుటకు అంగుళమునకు 35 కిలోలు. 24 అంగుళములకు 850 కిలోల దగ్గఱ. ఈ ఖర్చు నీటిని విడిచినవాడు పెట్టుకొనవలెనా, నేల పాడైనవాడు పెట్టుకొనవలెనా యని ముందే తేల్చుకొనుట మంచిది.

ఇక నేలను ఆక్రమించు సంగతి. బావికి చదును చేసిన స్థలము చిన్నదైనను, బాటలవలన పొలము ముక్కలగును. వాన నీటి వాలు చెదరును. పైమన్ను బండ్ల బరువుకు అణగి నాగలికి లొంగదు. గొట్టముల విషయమున 1962 నాటి పెట్రోలియము గొట్టపు మార్గముల చట్టమును రైతు తెలిసికొనవలెను. ఆ చట్టముక్రింద భూమి రైతుదే. ప్రభుత్వము వాడుక హక్కును మాత్రము గొనును. దున్ని పంట వేసికొనవచ్చును గాని, ఆ పట్టీలో ఇల్లు గట్టరాదు, బావి చెఱువు త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. భూమి వెలలో నూటికి 10 వంతున పరిహారము, పనివలన కలిగిన నష్టమునకు వేఱుగా పరిహారము కలదు. అభ్యంతరము చెప్పుటకు ప్రకటన తేదీనుండి 21 దినములు మాత్రమే గడువు. ప్రకటనను చదువక గడువు దాటనిచ్చిన, తరువాత వగచి లాభము లేదు. తోటలకు మామిడి, జామ నాటదలచినవా రీ నియమము నెన్నడును మఱువరాదు.

గొట్టమనగా పాతిపెట్టి మఱచునది కాదు. 2014 జూను 27 న కోనసీమలోని నగరము గ్రామమున సహజవాయువు గొట్టము పగిలి మంటలు చెలరేగగా ఇరువదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. అది బొగ్గువాయువు కాదు, సముద్రతీరపు నేలలోనిది. గాని వాయువు అదే మీథేను. తడిగల వాయువు ఇనుమును తినును. కావున గొట్టము పోవు ఊరివారికి తనిఖీల వివరమును, ప్రమాదసూచన చేయవలసిన విధమును తెలుపుమని యడుగు హక్కున్నదని గ్రహింపవలెను.

6. ఇతరుల అనుభవము

అమెరికాలోని వయోమింగు, మాంటానా రాష్ట్రముల సరిహద్దున పౌడరు నది లోయ గలదు. అచ్చట 1990 తరువాత వేలకొలది వాయుబావులు తొలిచిరి. తోడిన నీటిలో కొంత వాగులలోనికి విడిచిరి. పశువులకు నీరు దొరకెనని కొందఱు సంతసించిరి; దిగువనున్న పచ్చిక, గడ్డి పొలముల రైతులు సోడియమువలన నేల చెడునని మొఱపెట్టిరి. తుదకు 2003 లో మాంటానా రాష్ట్రము టంగు నదికిని పౌడరు నదికిని సోడియము, ఉప్పుల హద్దులను సంఖ్యలతో నిర్ణయించెను. మఱికొన్ని యేండ్లకు వాయువు ధర పడిపోగా పెక్కు కంపెనీలు దివాలాతీసెను. వయోమింగులో వేలకొలది బావులు దిక్కులేనివై, మూయు భారము రాష్ట్రముపై పడెను. ముందుగా కట్టించుకొన్న ధరావతు చాలలేదు. పంటకు అప్పిచ్చునపుడు మన సంఘము హామీ యడుగును గదా! భూమిలో రంధ్రము వేయువానినుండి మూయుటకు చాలినంత హామీ యడుగుటయు అట్టిదే.

కొలరాడో రాష్ట్రమున తగవు వేఱు. వాయువుకొఱకు తోడిన నీరు వ్యర్థమే గాని వాడుక కాదని కంపెనీ పక్షము వాదించెను. తోడుటవలన తమ ఊటలు తఱుగునని పశుపోషకులు న్యాయస్థానమున కెక్కిరి. 2009 లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము ఆ తోడకమును నీటి వాడుకయే యనియు, ఇతర బావులవలెనే దానికిని అనుమతి పొందవలెననియు తీర్పు చెప్పెను. పాఠ మేమన, నీరు ఎవనికి వ్యర్థమో పొరుగువానికది ప్రాణము.

ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండు రాష్ట్రమున కాండమైను నది చుట్టును నల్లరేగడి నేలలు మన రేగళ్లవంటివే. ప్రత్తి, జొన్న పండును. ఆ సీమలో వాయుబావులు విరివిగా తొలిచిరి. 2012 లో ఆ నదిలో చించిల్లా సమీపమున మీథేను బుడగలు పైకి వచ్చుట లోకమెల్ల చూచెను. అచ్చటి చట్టము గమనింపదగినది. వాయు కంపెనీ పనికిముందే చుట్టుపట్ల రైతుల బోర్ల స్థితిని కొలిచి నమోదు చేయవలెను. రాతిపొరలలో 5 మీటర్లు, ఇసుక ఒండ్రులలో 2 మీటర్లు మించి మట్టము దిగు నవకాశమున్నచో బోరును పరీక్షించి, చెడినచో బాగుచేయవలెను. లోతుచేయుటయో, వేఱు నీరిచ్చుటయో, ధనమిచ్చుటయో ఒప్పందమున వ్రాయవలెను. తోడిన నీటిలో కొంత శుద్ధిచేసి రైతుల సాగునకే యిచ్చుచున్నారు; ఇది మేలు. గాని శుద్ధిచేయగా మిగిలిన ఉప్పును ఎచ్చట నుంచుట యను చిక్కు తీఱలేదు. నేల కొలది అంగుళములు కుంగినను, యంత్రములతో సమముచేసిన పల్లపు పొలములలో నీరు పాఱు వాలు చెడునని అచ్చటి రైతుల ఆందోళన.

మన పొరుగున తమిళనాటి కావేరీ డెల్టాలోని మన్నార్గుడి ప్రాంతమున 2010 లో ఇట్టి ఖండమును కేటాయించిరి. వరిసీమ నీరు దిగిపోవునని రైతులు ఎదిరించిరి. సహజ సేద్యమును బోధించిన నమ్మాళ్వారు వారికి నాయకుడై, 2013 డిసెంబరులో మరణించువఱకు ఊరూర తిరిగి చెప్పెను. రాష్ట్ర ప్రభుత్వము 2013 లో పనిని ఆపించి, 2015 లో అనుమతి నిరాకరించి, 2020 లో డెల్టాను రక్షిత వ్యవసాయ మండలముగా ప్రకటించు చట్టము చేసెను. అచ్చట క్రొత్తగా చమురు, వాయువు బావులు తొలువరాదు.

7. మన ప్రాంతమున కన్వయము

గ్రానైటు సీమలో నీరు పైనున్న శిథిలమైన రాతి పొరయందును, దాని క్రింది చీలికలయందును మాత్రమే యుండును. ఇసుకనేలవలె సర్వత్ర వ్యాపించి యుండదు. కావున ఒక బోరు నూఱు మీటర్లు లోతుచేసిన, అదే చీలికపై నున్న పొరుగు బోరు ఎండును. మఱియొక చీలికపై నున్నది చెక్కుచెదరదు. మన కూరగాయల తోటలు, పూలతోటలు ఈ చీలికల నీటిపై బ్రదుకుచున్నవి. బొగ్గు లేకున్నను, లోతునుండి తోడి ఒత్తిడిని తగ్గించు పని మనము మన బోర్లతోనే చేయుచున్నాము.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, అనగా వాల్టా, క్రొత్త బావికి అనుమతిని, బావుల నమోదును విధించినది. త్రాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేనిదే బోరు వేయరాదన్నది. చట్టము కాగితముపై నున్నంత మాత్రమున నీరు నిలువదు. 2003 మొదలు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మహబూబునగరము, నల్లగొండ మొదలగు ఏడు జిల్లాలలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే తమ వానను, బావుల మట్టమును కొలిచి, యాసంగికి ముందు ఊరి నీటి పద్దు వేసికొని, దానికి తగిన పంటను నిర్ణయించుకొనిరి. ఎవ్వరును నిర్బంధింపలేదు, లెక్క కంటికి కనబడగనే వరి తగ్గించి ఆరుతడి పైరులు వేసినవారు పెక్కుమంది.

నీటికొఱకు భూమి వాడుకకు హద్దులు పెట్టుట మనకు క్రొత్త కాదు. 1908 నాటి మూసీ వఱద తరువాత 1920 లో ఉస్మాన్‌సాగరును, 1927 లో హిమాయత్‌సాగరును కట్టిరి. వాని కాపుదలకై 1996 లో 111 వ సంఖ్యగల ప్రభుత్వోత్తరువు 84 గ్రామములలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించెను. 2022 లో 69 వ ఉత్తరువు ఆ నిషేధమును షరతులతో సడలించెను. నగరపు నీటికొఱకు తమ భూముల ధర పెరుగలేదని రైతులు చిరకాలము మొఱపెట్టుకొనిరి. ఆ మొఱలో న్యాయము లేకపోలేదు. ఊరి నీటిని అందఱికొఱకు కాపాడినవాడే ఆ ఖర్చును ఒంటరిగా భరించుట తగదు. వాయుబావి చెంతనున్న రైతు ప్రశ్నయు ఇదియే: లాభ మొకచోటికి, నష్ట మింకొకచోటికి పోరాదు.

8. సంఘములు చేయదగిన పనులు

ఒకటి: ప్రతి సభ్యుని బావి లోతు, నీటిమట్టము, పంపు నడచు గంటలు నెలకొకసారి సంఘపు పుస్తకములో వ్రాయవలెను. తాడునకు బరువు గట్టి దింపిన మట్టము తెలియును. మూడు నాలుగేండ్ల లెక్కయున్న, రేపు ఎవ్వరు తోడినను “మీ బావి మునుపే ఎండినది” యని త్రోసిపుచ్చుట సాధ్యపడదు.

రెండు: ఏడాదికి రెండుమాఱులు, వానకు ముందును పిమ్మటను, కొన్ని బావుల నీటిని పరీక్షింపించి పత్రములు దాచవలెను.

మూడు: బొగ్గు సీమలలోని సంఘములు ఉత్పత్తికై జరుగు ప్రజాభిప్రాయ సభకు వెళ్లి, తోడెడి నీటి పరిమాణము, విడుచు చోటు, బోరు చెడిన పరిహారము, తుదకు బావి మూయుటకు ధరావతు అను నాలుగు విషయములు వ్రాతమూలముగా అడుగవలెను. నోటిమాట లెక్కకు రాదు.

నాలుగు: పాడుబడిన బోర్లను నోరు తెఱచి విడువరాదు. పసిపిల్లల ప్రాణములకే కాక, క్రింది నీటికిని పై మురికికిని అది దారియగును.

ఐదు: ఒక్కడు సంతకము చేసిన ఒప్పందము ఒక్కనిదే, సంఘముగా చదివి, తెలిసినవారిచే చదివించుకొని చేసిన ఒప్పందము బలమైనది.

సంఘసమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

(1) వాయువు తీయుటకు ముందు నీటిని ఏల తోడవలెను? గోలీసోడా ఉదాహరణముతో వివరింపుడు.
(2) లీటరునకు 1 గ్రాము ఉప్పుగల నీటితో 20 అంగుళములు తడిపిన ఎకరములో ఎంత ఉప్పు చేరును?
(3) త్రాగుటకు రుచియైన నీరు రేగడి నేలకు ఏల కీడు చేయగలదు?
(4) మన ఊరిలో నమోదుకాని బోర్లెన్ని? పాడుబడి మూయనివి ఎన్ని?
(5) నీటి పద్దు వ్రాయు పని ఈ నెలనుండి ఏ సభ్యులు చేపట్టుదురు?

రెండవ ప్రశ్నకు సమాధానము సుమారు 2,060 కిలోలు. కడపటి ప్రశ్నకు సమాధానము పుస్తకములో లేదు. సభలో పేర్లు వ్రాసికొనుటయే దాని సమాధానము.